ఈతకు అప్పగించిన బిడ్డ: ఇస్లామీయ చరిత్రలో ఈత విద్య, సంరక్షణ బాధ్యత

పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పాలన్న మాట వినని ముస్లిం అరుదు. జుమా ప్రసంగాలలోను, మదరసా వార్షికోత్సవాలలోను, పిల్లల పెంపకంపై వెలువడే పుస్తకాలలోను ఇది తరచు వినవస్తుంది. చాలామంది దీనిని దైవప్రవక్త (స) వారి ప్రవచనంగానే చెబుతారు. నిజానికి ఈ మూడు విద్యలను కలిపి చెప్పిన ఈ రూపంలో ఇది ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గారి మాటగా గ్రంథాలకెక్కింది. మాట ఎవరిదైనా సారాంశం ఉత్తమమైనదే. అయితే దానిని వేదికపై చెప్పి ముగించడం వేరు, ఒక ఇంట్లో అమలు జరపడం వేరు.

మన పట్టణాలలో ఇప్పుడు ఈత కొలనులు పెరిగాయి. బడి ఈడు పిల్లలకే కాక రెండేళ్లు నిండని పసివారికి, కొన్నిచోట్ల నెలల పిల్లలకు సైతం తరగతులు నడుపుతున్నారు. ఏడాదిన్నర బిడ్డను చంకనెత్తుకున్న తల్లికి కలిగే సందేహం, ఈత మంచిదా కాదా అన్నది కాదు. ఏ వయసులో మొదలుపెట్టాలి? ఎవరి చేతికి అప్పగించాలి? అప్పగించిన తరువాత తన బాధ్యత తీరినట్టేనా? ఈ ప్రశ్నలకు ప్రసంగ వాక్యం జవాబు చెప్పదు. కాని ఆ వాక్యం వెనుక ఉన్న చరిత్రను, ధర్మశాస్త్రవేత్తలు ఇదే విషయంపై వ్రాసిన మాటలను విప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. మన పూర్వులు ఈతను ఎంతగా ప్రోత్సహించారో, నీటి దగ్గర బిడ్డ ప్రాణానికి ఒక పెద్దమనిషిని జవాబుదారుగా నిలపడంలోనూ అంత గట్టిగా ఉన్నారు. ఆ వారసత్వంలో మొదటి సగం మనకు కంఠస్థంగా ఉంది. రెండవ సగాన్ని మరచిపోయాము. దానిని గుర్తు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేనమామల ఊరు

ఎడారి అరబ్బులకు ఈతతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. మక్కా పట్టణంలో నది లేదు, చెరువు లేదు. కాని యస్రిబ్, అనగా తరువాతి మదీనా, బావులతో, ఖర్జూర తోటలతో నిండిన ఊరు. ఆ కాలపు అరబ్బులు వ్రాత, ఈత, విలువిద్య, ఈ మూడూ వచ్చిన మనిషిని ‘కామిల్’ అని గౌరవించేవారు. సంపూర్ణుడని ఆ మాటకు అర్థం. తరువాత ఇస్లాం స్వీకరించిన మదీనా ప్రముఖులలో సఅద్ బిన్ ఉబాదా, ఉసైద్ బిన్ హుజైర్ (రజి) వంటి వారిని ఇలా పిలిచేవారని చరిత్రకారులు వ్రాశారు.

దైవప్రవక్త (స) ఆరేళ్ల బాలుడిగా ఉన్నప్పుడు తల్లి ఆమినా ఆయనను యస్రిబ్ తీసుకువెళ్లారు. దాది ఉమ్మె ఐమన్ తోడుగా ఉన్నారు. అక్కడి బనూ నజ్జార్ వంశం తాతగారైన అబ్దుల్ ముత్తలిబ్‌కు మేనమామల వంశం. వారి ఇంట దాదాపు నెల రోజులు గడిపారు. తండ్రి అబ్దుల్లాహ్ సమాధి అక్కడే ఉంది. తిరుగు ప్రయాణంలో అబ్వా అనే చోట ఆమినా మరణించారు. తల్లితో చేసిన ఆ ప్రయాణం ఆ విధంగా చివరిదైంది.

దాదాపు నలభై ఏడేళ్ల తరువాత, హిజ్రత్ అనంతరం, ఆయన ఆ పేటను చూచి గుర్తుపట్టారని ఇబ్న్ సఅద్ (మరణం హి. 230, క్రీ.శ. 845) తన తబఖాత్ గ్రంథంలో ఉల్లేఖించారు. తల్లి తనను దింపిన ఇంటిని, తండ్రి సమాధి ఉన్న చోటును చూపుతూ, బనూ అదీ బిన్ నజ్జార్ వారి బావిలో తాను ఈత బాగా నేర్చుకున్నానని చెప్పారట. తోటి పిల్లలతో కలిసి కోటగోడ మీద వాలే పక్షిని ఎగురగొట్టిన ఆటను కూడ జ్ఞాపకం చేసుకున్నారట. ఇది చరిత్ర గ్రంథాలలోని ఉల్లేఖనం. సహీహ్ హదీసుల కోవకు చెందినది కాదు. అయినా పూర్వ చరిత్రకారులు దానిని ఆదరంతో భద్రపరిచారు.

ఈ ఉల్లేఖనంలో మన విషయానికి పనికివచ్చే అంశాలు మూడు ఉన్నాయి. నేర్చుకున్న వయసు ఆరు. నేర్చుకున్న చోటు బంధువుల బావి. చుట్టూ ఉన్నవారు తాత వైపు మేనమామల కుటుంబం, ఇంట్లో తల్లి, వెంట దాది. ముక్కూ మొహం తెలియని వారి మధ్య, ఎవరూ కనిపెట్టి ఉండని నీటిలో జరిగిన విద్య కాదది.

తిత్తి మీద నైలు దాటిన యువకుడు

సహాబీల కాలంలో ఈత ప్రాణానికి, సమాజానికి పనికివచ్చిన ఘట్టం ఒకటి హబషా వలస వృత్తాంతంలో ఉంది. ఖురైషీల హింసకు తాళలేక కొందరు ముస్లింలు హబషా రాజైన నజాషీ నీడన తలదాచుకున్నారు. అంతలో అతనిపై ఒక ప్రత్యర్థి తిరుగుబాటు చేశాడు. నైలు నదికి ఆవలి ఒడ్డున యుద్ధం జరుగుతోంది. ఆ రాజు ఓడితే తమ గతి ఏమవుతుందోనని ముస్లింలు కలవరపడ్డారు. అక్కడికి పోయి వార్త తెచ్చేదెవరని అనుకుంటూ ఉండగా, అందరిలో చిన్నవాడైన జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) ముందుకు వచ్చారు. తోలు తిత్తిలో గాలి నింపి ఇచ్చారు. దానిని రొమ్ము కింద ఉంచుకుని ఆయన నది ఈది, యుద్ధం చూచి, నజాషీ గెలిచాడన్న శుభవార్తతో తిరిగి వచ్చారు. ఈ సంఘటనను స్వయంగా అక్కడ ఉన్న ఉమ్మె సలమా (రజి) చెప్పగా ఇబ్న్ ఇస్‌హాఖ్ భద్రపరిచారు.

మన పల్లెల్లో ఈత నేర్చుకున్న పెద్దలకు ఈ తిత్తి కొత్తగా అనిపించదు. దిగుడు బావుల్లోను, మోట బావుల్లోను పిల్లల వీపుకు ఎండు సొరబుర్రలో, మునగ బెండ్లో కట్టి నీటిలోకి దింపేవారు. పిల్లవాడు కుదురుకున్న కొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తగ్గించేవారు. అయితే ఆ బెండ్లను నమ్మి పెద్దవారు ఇంటికి వెళ్లిపోయేవారు కాదు. మెట్ల మీద ఒక బాబాయో, మామో కూర్చుని ఉండేవాడు. నేటి రబ్బరు చేతిపట్టీలు, గాలి చక్రాలు కూడ ఆ తిత్తి కోవలోవే. జుబైర్ (రజి) తిత్తి ఈత తెలిసిన యువకుడికి ఆసరా. ఈత రాని పసిబిడ్డకు గాలి చక్రం రక్ష అనుకోవడం పొరపాటు. అది జారవచ్చు, తిరగబడవచ్చు, గాలి పోవచ్చు.

ఉత్తరం, దాని వెంట వచ్చిన బాణం

ఇక హజ్రత్ ఉమర్ (రజి) మాట వద్దకు వద్దాము. షామ్ ప్రాంతంలో సేనాధిపతిగా ఉన్న అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి) గారికి ఖలీఫా ఒక ఉత్తరం వ్రాశారు. అబూ ఉబైదా హి. 18లో (క్రీ.శ. 639) అమ్వాస్ మహమ్మారిలో మరణించారు కనుక ఉత్తరం అంతకు ముందుదే. అందులో బాలురకు ఈత, యోధులకు విలువిద్య నేర్పించమని ఆదేశం ఉంది. ముస్నద్ అహ్మద్‌లో ఈ ఉల్లేఖనం పూర్తిగా ఉంది. సాధారణంగా మనం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాము. ఉల్లేఖనం అక్కడ ఆగదు.

ఆదేశం ప్రకారం జనం విలువిద్య సాధన మొదలుపెట్టారు. లక్ష్యాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ బాణాలు వేస్తున్నారు. ఒకనాడు ఎవరు వేశారో తెలియని బాణం ఒకటి దారి తప్పి ఒక బాలుడికి తగిలింది. బాలుడు చనిపోయాడు. అతని మూలం ఎవరికీ తెలియలేదు. ఒక మేనమామ సంరక్షణలో పెరుగుతున్నాడు. ఆ బాలుని హక్కు ఎవరికి చెందుతుందని అబూ ఉబైదా (రజి) ఖలీఫాను వ్రాసి అడిగారు. దిక్కులేనివారికి అల్లాహ్, ఆయన ప్రవక్త దిక్కని, వేరే వారసుడు లేని వానికి మేనమామే వారసుడని దైవప్రవక్త (స) చెప్పిన మాటను పేర్కొంటూ ఉమర్ (రజి) జవాబు వ్రాశారు.

ఈ ఉల్లేఖనాన్ని న్యాయవేత్తలు వారసత్వ సమస్యగా చదివారు. పెంపకం గురించి ఆలోచించే వారు దానిని మరో విధంగా కూడ చదవవచ్చును. విద్య నేర్పించమన్న ఆజ్ఞ, ఆ విద్య నేర్పే మైదానంలోనే జరిగిన ఒక బాలుని మరణం, రెండూ ఒకే ఉల్లేఖనంలో మనకు చేరాయి. ఆజ్ఞ తప్పని ఎవరూ అనలేదు. ఉమర్ (రజి) దానిని రద్దు చేసినట్టు ఉల్లేఖనంలో లేదు. కాని చనిపోయిన అనాథ బాలుని హక్కు ఏమైందన్న ప్రశ్న సైన్యాధిపతి నుండి ఖలీఫా వరకు నడిచింది. ఎవరూ ‘విధి’ అని చేతులు దులుపుకోలేదు.

హదీసుల్లో ఈత స్థానం

ఈతకు ధర్మంలో ఉన్న స్థానాన్ని ఉన్నంత వరకే చెప్పడం మంచిది. దైవస్మరణ లేని కాలక్షేపమంతా వ్యర్థమని చెబుతూ, నాలుగింటిని దైవప్రవక్త (స) మినహాయించారని జాబిర్ (రజి) పేరిట నసాయీ, తబరానీ ఉల్లేఖించారు. ఆ నాలుగింటిలో ఈత నేర్చుకోవడం ఒకటి. దీనిని విద్వాంసులు ప్రామాణికంగా స్వీకరించారు. బిడ్డకు వ్రాత, ఈత, విలువిద్య నేర్పడం తండ్రిపై బిడ్డకు గల హక్కు అన్న మరో ఉల్లేఖనం అబూ రాఫె (రజి) పేరిట ఉంది. దాని పరంపర బలహీనమని ఉల్లేఖించిన బైహఖీ స్వయంగా సూచించారు. ఈ విషయంపై ఉన్న ఉల్లేఖనాలను ఇమామ్ సుయూతీ (హి. 849–911, క్రీ.శ. 1445–1505) ఒక చిన్న ప్రత్యేక గ్రంథంగా కూర్చారు కూడ. ఈత అంత చిన్న విషయంపై ఒక పుస్తకం అవసరమని అంతటి విద్వాంసుడు భావించడం గమనార్హం.

హజ్రత్ ఉమర్ (రజి), యువకుడైన ఇబ్న్ అబ్బాస్ (రజి) ఇహ్రామ్ స్థితిలో ఉండగా నీటిలో ఎవరు ఎక్కువసేపు శ్వాస బిగపట్టగలరో పందెం వేసుకున్న ఉల్లేఖనం కూడ ఉంది. హజ్ ప్రయాణంలో ఇహ్రామ్ ధరించినవారు నీట మునగవచ్చునా అన్న ప్రశ్నకు ఫుఖహా దానిని ఆధారంగా చూపారు. చరిత్ర పాఠకుడికి అందులో మరొకటి కనిపిస్తుంది: చిన్నవానితో పాటు పెద్దమనిషి నీటిలో ఉన్నాడు.

అవసరం, వినోదం

ఉమయ్యద్‌ల కాలపు ఇరాఖ్ పాలకుడు హజ్జాజ్ (మరణం హి. 95, క్రీ.శ. 714) కఠినత్వానికి పేరుమోసినవాడు. అతడు తన పిల్లల గురువుతో, వ్రాతకంటె ముందు ఈత నేర్పమన్నాడని జాహిజ్ వంటి సాహిత్యకారులు వ్రాశారు. వారికి బదులు వ్రాసిపెట్టేవాడు దొరుకుతాడు గాని, వారికి బదులు ఈదేవాడు దొరకడన్నది అతని తర్కం. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య బ్రతికే ప్రజలకు అది నిత్యసత్యం.

రెండు శతాబ్దాల తరువాత అదే టైగ్రిస్ ఒడ్డున మరొక దృశ్యం కనిపిస్తుంది. హి. 334లో (క్రీ.శ. 945) బాగ్దాద్‌లో ప్రవేశించిన బువైహీ పాలకుడు ముయిజ్జుద్దౌలా కుస్తీని, ఈతను బాగా ప్రోత్సహించాడు. నగర యువకులు ఆ పోటీల్లో ఎంతగా మునిగిపోయారంటే, ఈతగాడు నీటిలో నిలువుగా ఈదుతూ, చేత కుంపటి పట్టుకుని, దానిమీద కుండలో మాంసం ఉడికేదాకా నిలిచి, తిని మరీ ఒడ్డుకు వచ్చేవాడని ఇబ్న్ జౌజీ (మరణం హి. 597, క్రీ.శ. 1201) వ్రాశారు. ప్రాణరక్షణకు నేర్చిన విద్య చూపరుల వేడుకగా మారిన తీరు ఇది.

యువకులు తమ ఇష్టంతో చేసే వేడుకలో తప్పు పట్టనవసరం లేదు. పసిబిడ్డను వేడుక వస్తువుగా చేస్తేనే చిక్కు. నెలల పాపలు నీటి అడుగున కళ్లు తెరిచి తేలే ఫోటోలు, వీడియోలు నేడు ఇంటింటికీ చేరుతున్నాయి. వాటిని చూచి, తమ బిడ్డ కూడ ఈదగలడని మురిసే తల్లిదండ్రులు ఉన్నారు. పసికందు నీటిలో కాళ్లు చేతులు ఆడించడం పుట్టుకతో వచ్చిన శరీర చలనం. తల పైకెత్తి శ్వాస తీసుకోవడం దానివల్ల రాదు. ఈత అంటే ఆ రెండవదే.

అప్పగింత: ఫుఖహా వేసిన ప్రశ్న

ఇప్పుడు ఈ వ్యాసంలోని ముఖ్య విషయానికి వచ్చాము. మన ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రాణనష్టాలకు పరిహారం చెప్పే అధ్యాయం ఉంటుంది. బావి తవ్వినవాడు, గోడ వంచి కట్టినవాడు, వైద్యం చేసినవాడు ఎప్పుడు బాధ్యులో అక్కడ చర్చిస్తారు. ఆ వరసలోనే ఈత గురువు కూడ ఉన్నాడు. బిడ్డను ఈత నేర్పడానికి గురువుకు అప్పగించారు, బిడ్డ మునిగి చనిపోయాడు, బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను ఎనిమిది వందల ఏళ్ల క్రితమే గ్రంథాలలో వ్రాసి పెట్టారంటే, ఈత గురువులకు పిల్లలను అప్పగించడం ఆ సమాజాల్లో మామూలు విషయమై ఉండాలి.

డమాస్కస్‌లో జీవించిన హంబలీ విద్వాంసుడు ఇబ్న్ ఖుదామా (హి. 541–620, క్రీ.శ. 1147–1223) అల్ ముగ్నీలో దీనికి జవాబు చెప్పారు. పరిహార భారం గురువు ఆఖిలాపై, అనగా అతని తరఫున పరిహారం చెల్లించవలసిన బంధువర్గంపై పడుతుంది. కారణం ఏమంటే, బిడ్డను అతనికి అప్పగించినదే జాగ్రత్తగా కాపాడమని. బిడ్డ మునిగాడంటే కాపలాలో లోపం జరిగినట్టే ఎంచాలి. దీనికి భిన్నంగా, అదే మస్లక్‌కు చెందిన ఖాజీ అబూ యఅలా (మరణం హి. 458, క్రీ.శ. 1066) వాదనను కూడ ఆయన దాచకుండా వ్రాశారు. బిడ్డ మేలు కోసం, వాడుకలో ఉన్న పద్ధతిలోనే నేర్పి ఉంటే గురువుపై భారం మోపరాదన్నది ఆ వాదన. ఇక పెద్దవాడు నేర్చుకుంటూ మునిగితే, గురువు నిర్లక్ష్యం లేనప్పుడు అతనిపై ఏమీ లేదని ఇబ్న్ ఖుదామా చెప్పారు. పెద్దవాడు తన చేతిలో తానున్నాడు.

అదే శతాబ్దంలో, అదే డమాస్కస్‌లో షాఫియీ ఇమామ్ నవవీ (హి. 631–676, క్రీ.శ. 1233–1277) తన మిన్హాజ్‌లో ఒకే వాక్యంలో తేల్చారు: ఈత గురువుకు అప్పగించిన బాలుడు మునిగి చనిపోతే దియత్ విధి. మన ప్రాంతాలలో అత్యధికులు హనఫీ మస్లక్ వారు; నేనిక్కడ ఫత్వా చెప్పడం లేదు, చరిత్ర చెబుతున్నాను. ఆ చరిత్ర నుండి గ్రహించవలసిన సూత్రం స్పష్టంగా ఉంది. పెద్దవాడు తన చేతిలో తానున్నాడు; పసివాడు మరొకరి చేతిలో ఉన్నాడు. ఆ చేయి ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఇరుపక్షాల వాదనలూ ఒక చోట కలుస్తాయి: గురువును విడిచిపెట్టాలన్న అబూ యఅలా కూడ ‘వాడుకలో ఉన్న సరైన పద్ధతి’ అన్న షరతు పెట్టారు. పద్ధతి తెలియనివాడికి ఆ మినహాయింపు కూడ వర్తించదు.

ఏ వయసు?

పైన చెప్పిన ఉల్లేఖనాలన్నింటిలోనూ కనిపించేది బాలుడే గాని పసికందు కాదు. దైవప్రవక్త (స) వయసు ఆరు. ఇబ్న్ సీనా (హి. 370–428, క్రీ.శ. 980–1037) తన వైద్య గ్రంథం ఖానూన్‌లో బిడ్డను గురువు చేతికి ఇచ్చే వయసు ఆరేళ్లని, అది కూడ క్రమక్రమంగా అలవాటు చేయాలని చెప్పారు. ఫుఖహా తమ్యీజ్, అనగా మంచిచెడులు గుర్తెరిగే వయసు, సుమారు ఏడని అన్నారు. అంతకు ముందు బిడ్డ హజానత్‌లో ఉంటాడు. తల్లి ఒడి, పెద్దల కనుచూపు అతని హక్కు.

ఆధునిక వైద్యుల అభిప్రాయం కూడ ఈ దారిలోనే నడిచింది. అమెరికా శిశువైద్యుల అకాడమీ మొదట నాలుగేళ్లు నిండనిదే పిల్లలు ఈత పాఠాలకు సిద్ధం కారని చెప్పేది. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లలలో పాఠాలు నేర్చినవారు మునిగి చనిపోయే అవకాశం తక్కువగా కనిపించింది. దానితో 2010లో ఆ సంస్థ తన మాట సడలించింది. 2019లో, ఏడాది నిండిన పిల్లలకు పాఠాలు ఉపకరించగలవని, ఏడాదిలోపు శిశువులకు మాత్రం అవి ప్రమాదాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని స్పష్టం చేసింది. ఏ పాఠమూ ఏ బిడ్డనూ నీటి నుండి పూర్తిగా రక్షించదని, చేయి చాస్తే అందేంత దూరంలో పెద్దమనిషి ఉండి తీరాలని కూడ చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. ఈ బాధ ఎక్కువగా అనుభవించిన దేశాలలో బంగ్లాదేశ్ ఒకటి. అక్కడ ఇంటి పక్కనే కుంట ఉంటుంది. తల్లి పనిలో ఉన్న వేళ, ఉదయం నుండి మధ్యాహ్నం లోపల, బిడ్డ జారిపోతాడు. 2006లో ఆరంభమైన ఒక కార్యక్రమం వయసును బట్టి రెండు మార్గాలు పట్టింది. అయిదేళ్లలోపు పిల్లలను ఉదయం 9 నుండి 1 గంట వరకు ఊరి మహిళ ఒకరి సంరక్షణలో ‘ఆంచల్’ అనే కేంద్రంలో ఉంచారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు, ఊరి కుంటలోనే వెదురు వేదికలు కట్టి ఈత నేర్పారు. 2012లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మొదటి పద్ధతిలో మునక మరణాలు నూటికి 80 పాళ్లకు పైగా, రెండవ పద్ధతిలో 90 పాళ్లకు పైగా తగ్గాయి. 2022లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాల్లో 8,000 సంరక్షణ కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. ‘ఆంచల్’ అంటే తల్లి కొంగు. చిన్న బిడ్డకు కొంగు, కొంచెం పెద్ద బిడ్డకు ఈత: మన పూర్వుల క్రమమే అక్కడ లెక్కలతో సహా రుజువైంది.

తల్లిదండ్రులు అడగవలసినవి

చరిత్ర నుండి ఆచరణకు వస్తే, తల్లిదండ్రులు చూడవలసినవి ఇవి. ఏడాది నిండని బిడ్డకు ఈత పాఠం అవసరం లేదు. తండ్రో తల్లో ఎత్తుకుని గోరువెచ్చని నీటిలో ఆడించడం వేరు, దానిని రక్షణ విద్య అనుకోవడం వేరు. ఒకటి నుండి నాలుగేళ్ల బిడ్డను చేర్చదలచితే, తల్లి గాని తండ్రి గాని బిడ్డతో పాటు నీటిలో ఉండే తరగతిని ఎంచుకోవాలి. దానికి ముందు బిడ్డ వైద్యుని సలహా తీసుకోవాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు గురువు చాలును, కాని ఆ గురువు ఎవరు?

అతనికి ఈత రావడం ఒక్కటే చాలదు. మునిగేవానిని పైకి తీయడం, ఆగిన శ్వాసను తిరిగి ఆడించడం వచ్చునా? ఒక్క గురువు చేతికింద ఎందరు పిల్లలున్నారు? పాఠం చెప్పేవాడు కాక, కాపలా చూడడమే పనిగా మరొకరు గట్టుమీద ఉన్నారా? కొలను నీరు శుభ్రంగా ఉంచుతున్నారా? పాఠం లేని వేళ బిడ్డ లోపలికి పోకుండా కంచె, తాళం ఉన్నాయా? ఏడ్చే బిడ్డను భయం పోతుందని బలవంతంగా నీట ముంచే గురువైతే అతని వద్ద నుండి బిడ్డను తీసుకురావాలి. ఇబ్న్ సీనా అక్షరాలకే క్రమక్రమంగా అలవాటు చేయమన్నారు. నీటి విషయం చెప్పనవసరం లేదు. తల్లిదండ్రులు కూర్చుని చూడడానికి ఒప్పుకోని చోట బిడ్డను విడువరాదు.

ఆడపిల్లల మాట కూడ చెప్పాలి. కుంట, కాలువ, సంపు బిడ్డ అబ్బాయా అమ్మాయా అని చూడవు. హయా, పరదా నియమాలు పాటిస్తూ మహిళా గురువుల చేత, వేరు వేళల్లో నేర్పించే ఏర్పాటు చేసుకోవడం జమాఅత్‌ల చేతిలో ఉన్న పని. ఏర్పాటు లేదన్న సాకుతో కూతురి ప్రాణరక్షణ విద్యను వాయిదా వేయడం సరికాదు.

ఒడ్డున నిలిచిన అక్క

నీట మునిగి చనిపోయిన విశ్వాసికి షహీద్ స్థానం ఉందని సహీహ్ హదీసులలో ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు అంతకంటె ఊరట లేదు. అయితే ఆ ఊరట జరిగిపోయిన దుఃఖానికి మందు. జరగబోయే నిర్లక్ష్యానికి అనుమతి కాదు. ఒంటెను కట్టివేసి ఆ పైన అల్లాహ్‌పై భారం వేయమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం.

నీటిపై విడిచిన పసిబిడ్డ గాథ ఖుర్ఆన్‌లోనే ఉంది. మూసా (అలై) తల్లికి అల్లాహ్ స్వయంగా ప్రేరణ కలిగించాడు. బిడ్డను తిరిగి ఆమె వద్దకే చేరుస్తానని వాగ్దానం కూడ చేశాడు. అంతటి హామీ ఉన్నా ఆ తల్లి బిడ్డను నీటికి విడిచి ఇంట్లో కూర్చోలేదు. అతన్ని వెంబడించి చూడమని కూతురిని పంపింది. ఆ పిల్ల ఎవరికీ తెలియకుండా దూరం నుండి కనిపెడుతూ ఉండింది. బిడ్డ తిరిగి తల్లి ఒడికి చేరడానికి ఆ అక్క చూపే సాధనమైంది.

మన బిడ్డల విషయంలో మనకు అటువంటి వాగ్దానం ఏదీ లేదు. అందువలన కొలను గట్టున కూర్చున్నప్పుడు చేతిలోని ఫోను పక్కన పెట్టి, బిడ్డ మీదనే చూపు నిలపాలి. ఈత నేర్పండి, మంచి గురువును వెదకండి. అప్పగించిన తరువాత కూడ ఒడ్డు వదలకండి. అల్లాహ్ మన పిల్లలను నేలపైనా, నీటిపైనా తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.